అడిగి తుడవండి

సోమవారం పొద్దున హెబ్రోను ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి పక్క సీటులో ఉషారాణి కంప్యూటరు తెర మీద ఒక గాజు గ్లాసు కనిపించింది. గ్లాసులో నీళ్లు, నీళ్లలో రొయ్యపిల్లలు. వాటి మీసాలు లెక్కపెట్టగలిగేట్టున్నాయి. బొమ్మ మొత్తంలో ఒక్క గింజ రవ్వ లేదు.

తల మీద హెల్మెట్టు కూడా తియ్యకుండా అట్లాగే నిలబడిపోయాడు.

రవ్వ అనేది ఆ ఆఫీసు మాట. పెట్టింది హెబ్రోనే. కంప్యూటరులో కట్టిన బొమ్మకు వెలుగు పడాలంటే మిషను ఒక్కో చుక్క నుంచి కిరణాలు పంపి చూస్తుంది. ఎదురుగా గోడైతే కిరణం తగిలి, దీపం ఎక్కడుందో చూసుకుని, వెలుగెంతో చెప్పేస్తుంది. గాజు దగ్గర ఆ సుఖం లేదు. గాజులో ఒంగాలి, నీళ్లలో ఇంకోసారి ఒంగాలి, రొయ్యపిల్ల ఒళ్లు కూడా సగం గాజే గనక అందులో దూరి బయటికి రావాలి. వెయ్యి కిరణాలు బయల్దేరితే దీపం దాకా చేరేవి పదో పన్నెండో. మిగతా చోట్లంతా బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు మిగిలిపోతాయి. కిరణాలు పెంచితే రవ్వ తగ్గుతుంది గాని ఒక్కో ఫ్రేముకు నలభై నిమిషాలు పడుతుంది. పది సెకండ్ల షాటుకు రెండువందల నలభై ఫ్రేములు. ఆఫీసులో ఉన్నవి నాలుగు మిషన్లు, రొయ్యపిల్లల్ని పుట్టించి అమ్మే ఒక హేచరీ కోసం చేస్తున్న సినిమాలో ఇట్లాంటి షాట్లు ఆరు.

ఇంకో దారి తుడుపు. తక్కువ కిరణాలతో బొమ్మ తీసి, మిగిలిన రవ్వను ఒక ప్రోగ్రాముతో తుడిపించడం. ఆ ప్రోగ్రాము పక్కన రెండు గైడు బొమ్మలు అడుగుతుంది. ఎక్కడ ఏ రంగుందో ఒకటి చెప్పాలి, ఏది ఏ వైపు తిరిగుందో ఇంకొకటి చెప్పాలి. వాటిని చూసుకుంటూ అంచులు చెరపకుండా తుడుస్తుంది. చిక్కంతా ఏమిటంటే గైడు బొమ్మలు గాజు దగ్గరే ఆగిపోయి, లోపల ఏమున్నా వట్టి తెల్లగోడ అని చెబుతాయి. ఇంకేముంది, తుడుపు ఆ మాట నమ్మి రొయ్యపిల్లల్ని మీసాలతో సహా అలికేస్తుంది.

పదకొండు రోజులుగా హెబ్రోను ఈ గోడకే తల కొట్టుకుంటున్నాడు. పదకొండేళ్లుగా ఆ ఆఫీసులో గాజు, నీళ్లు, మంచుముక్క, అత్తరు సీసా ఏదొచ్చినా అతని దగ్గరికే వచ్చేవి. శనివారం మధ్యాహ్నం చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోతూ, మీసాలు కొంచెం సరిచెయ్యమని మాత్రమే ఈ పిల్లకు ఫైలిచ్చాడు.

"ఏం చేసినావు?" అన్నాడు.

ఉషారాణి కుర్చీ తిప్పింది. ఆఫీసులో చేరి ఎనిమిది నెలలు. చేరిన రోజు సార్ అని పిలిస్తే, "సారూ గీరూ వద్దు, అన్నా అను చాలు" అని చెప్పింది హెబ్రోనే.

"మీరు పోయినాక ఊరికే కూర్చున్నా అన్నా. చూద్దాం అని."

"గాజు దాచిపెట్టి గైడు తీసినావా?" అది తను చేసి ఓడిపోయిన పద్ధతి.

"లేదన్నా. దాచేస్తే ఒంపు పోతాది గదా. అంచులు పక్కకు జరిగి ఒక్కో పిల్ల రెండు పిల్లలుగా కనపడతాయి. గాజుకు మీరు పెట్టిన గరుకుండాదే, గైడు తీసేటప్పుడు మాత్రం దాన్ని సున్నా చేసినా. నున్నటి గాజైతే గైడు ఆగదు, ఒంగి లోపలికి పోతాది. బొమ్మ తీసేటప్పుడు మళ్లా మీ గరుకు మీరు పెట్టినట్టే ఉంటాది."

అంతే. ఒక్క అంకె. అదీ ఎవరి అంకె? మరీ నున్నగా ఉంటే గాజు దొంగగాజులా ఉంటుందని, వేలిముద్రంత గరుకు ఉండాలని, కొత్తగా చేరినవాళ్లందరికీ హెబ్రోను పాఠంలా చెప్పే గరుకు. తన గొప్పే తన కాళ్లకు అడ్డంపడి పదకొండు రోజులు కదలనియ్యలేదన్న మాట.

"ఇది యాడ నేర్చుకున్నావు?"

"నేర్చుకునేదేముందన్నా, హేచరీలో చేసే పనే గదా." ఈ పని నేర్చుకోకముందు ఆ పిల్ల తోటపల్లి గూడూరు వైపు సముద్రం ఒడ్డున ఒక హేచరీ ల్యాబులో రెండేళ్లు పనిచేసింది. రొయ్యపిల్లల్ని అక్కడ సీడు అంటారు. "ఆడ సీడు చూసే గ్లాసులన్నీ గీతలు పడుంటాయి. పొడిగా ఉంటే మబ్బుగా ఉంటాది, ఏం కనపడదు. తడి చేత్తో బయట ఒక్కసారి రుద్దినామంటే గీతలు మాయమైపోతాయి. చూసినంత సేపే, ఆరితే మళ్లా గీతలే. దీనికీ అట్ట చేద్దామని తోచింది."

"బాగుందే" అన్నాడు హెబ్రోను. ఆ ఒక్క మాట అనడానికి నాలుక తడుపుకోవాల్సి వచ్చింది.

కాసేపటికి ఆఫీసు యజమాని ఆనందకుమారి గారు వచ్చారు. తెర చూశారు, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశారు. తర్వాత అందర్నీ పిలిచి చప్పట్లు కొట్టించారు. శబ్దాలు కలిపే జయకుమార్ ఊరుకోకుండా, "అన్నా, ఇంక నీకు సెలవులే సెలవులు" అన్నాడు. అందరితోపాటు హెబ్రోనూ నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు, రెండు ఎక్కువే కొట్టాడు. మధ్యాహ్నం క్యారియరు విప్పి, పులుసన్నం రెండు ముద్దలు తిని మూసేశాడు.

కుళ్లు అనే మాట హెబ్రోను ఎప్పుడూ వేరేవాళ్ల గురించే వాడాడు. ఆ రోజు ముద్ద దిగకపోతే పులుసులో ఉప్పెక్కువైందనే అనుకున్నాడు.

*

మంగళవారం రాత్రి అన్నం దగ్గర అతని భార్య రెజీనా చారు వడ్డిస్తూ నవ్వింది.

"ఏంది, నిన్నటి నుంచి ఉషారాణి అట్ట చేసింది, ఉషారాణి ఇట్ట కూర్చుంది అంటా ఉండావు. నేనేమన్నా అనుమానపడాల్నా?"

"నోరు మూసుకో."

"అబ్బో." ఆమె గరిటె కింద పెట్టింది. "నిజంగానే ఏందో ఉండాది. ఏం చేసిందా పిల్ల?"

చెప్పాడు. గరుకు, గైడు, తడిచెయ్యి. చెబుతుంటే ఆ ఉపాయం ఎంత బాగుందో మళ్లీ కనపడి ఇంకా ఒళ్లు మండింది. రెజీనా అంతా విని, "మంచిదే గదా. నువ్వు పని నేర్పిన పిల్లే గదా" అంది. ఆమె మామూలుగానే అంది. ఆ మాట పుండు మీద కారం పడ్డట్టు పడింది. చారన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. గ్లాసు పైకెత్తి దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు, గీతలున్నాయా అని. స్టీలు గ్లాసు. రెజీనా చూస్తోందని తెలిసి గబుక్కున దించేశాడు.

"ఆ పిల్ల మీద కోపమా, నీ మీద కోపమా?" అంది ఆమె.

బుధవారం ఆనందకుమారి గారు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. శుక్రవారం షాటు తీసుకుని చెంచయ్య గారి హేచరీకి పోవాలి. సినిమా చేయించుకునేది ఆయనే. వచ్చే నెల ఆక్వా ప్రదర్శనలో ఆయన స్టాలు ముందు పెద్ద తెర మీద ఈ షాటు ఆడుతుంది. గ్లాసును ఒక చెయ్యి వెలుగుకు ఎత్తుతుంది, చూపు గాజులోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి రొయ్యపిల్ల ఒంట్లోకి పోతుంది. మామూలు కెమెరాకు అది చాతగాదు గనకే ఈ పని వీళ్లకొచ్చింది.

"ఉషా, నువ్వు కూడా రా. హేచరీ భాష నీకు తెలుసు, చెంచయ్య గారితో నువ్వే మాట్లాడు" అన్నారామె. "హెబ్రోనూ, ఆఖరి అవుట్‌పుట్టు ఎప్పట్లాగే నీదే. పేర్ల పలక మాత్రం మార్చు. గాజు, నీరు అన్న చోట ఈసారి ఉషారాణి పేరు వెయ్యి."

ప్రతి షాటు మొదట్లో ఒక సెకండు నల్లటి పలక వస్తుంది. ఎవరు ఏం చేశారో అందులో రాసి ఉంటుంది. క్లయింట్లెవరూ దాన్ని చదవరు. పదకొండేళ్లుగా హెబ్రోను ఒక్కడే చదువుకుంటున్నాడు. గాజు, నీరు: హెబ్రోను.

"అట్టనే మేడం" అన్నాడు.

"వద్దు మేడం, అన్న పేరే ఉండనీయండి. గాజంతా అన్న కట్టిందే" అంది ఉషారాణి. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు, అది అతనికీ తెలుసు. తెలిసినందుకే మరీ మండింది. ఆ పిల్ల కాస్త పొగరుగా ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

సీటుకు వచ్చి ఆ పిల్ల పంపిన ఫైలు తెరిచాడు. తెరవగానే పసుపు రంగు చీటీ ఒకటి తెర మధ్యలోకి వచ్చింది.

*హెబ్రోనన్నా, పిల్లల ఒంట్లో తుడుపు సగానికే పెట్టినా. కొంచెం రవ్వ కనపడతాది. అడిగి తుడవండి.*

బొమ్మను దగ్గరికి లాగి చూశాడు. నిజమే. గాజు నున్నగా ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి, రొయ్యపిల్లల ఒంట్లో మాత్రం సన్నటి మురికి మురికి రవ్వ మిగిలి ఉంది. సోమవారం దూరం నుంచి చూసినందువల్ల కనపడలేదు. ఆ రవ్వ చూడగానే హెబ్రోనుకు సోమవారం తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. ఒక తప్పు దొరికింది. దీనికా చప్పట్లు? ఒంట్లో రవ్వ వదిలి, పైగా చీటీ!

ఉషారాణి ఆరడుగుల దూరంలోనే ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, బల్ల మీద కాగితం పొట్లంలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. ఒక్కో కాయ ఒలుచుకుంటూ ఇంకో షాటులో నురగ సరిచేస్తోంది. "ఉషా, ఇదెందుకు వదిలినావమ్మా?" అని అడిగితే అయిపోయేది. రోజుకు ఇరవైసార్లు ఆ పిల్ల తనను అడుగుతుంది, తనూ చెబుతాడు. ఒక్కసారి తను అడగాలి. నోరు తెరిచాడు కూడా. ఆ పిల్ల శెనక్కాయ నోట్లో వేసుకుని తలెత్తి చూసింది.

"ఏందన్నా?"

"ఏం లేదు. చక్కెర తక్కువేసి టీ చెప్పు."

ఆ పిల్ల టీ చెప్పడానికి లేచింది. హెబ్రోను పసుపు చీటీ మూసేశాడు. సగం దగ్గరున్న తుడుపును నూటికి నూరు చేశాడు. రొయ్యపిల్లల ఒళ్లు గాజుపూసల్లా మెరిసిపోయాయి, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఇదీ పని అంటే, అనుకున్నాడు. ఆ పిల్ల దానికంటే ఇది మంచిది, ఎవర్ని అడిగినా ఇదే మంచిదంటారు. తర్వాత పలక తెరిచి గాజు, నీరు అన్న చోట తన పేరు చెరిపాడు, ఉషారాణి అని కొట్టాడు. కాసేపు దాన్నే చూశాడు. ఆఖరి తుడుపు తనదైనప్పుడు తన పేరుంటే తప్పేముంది? ముందు తన పేరు, పక్కన కామా, తర్వాత ఆ పిల్ల పేరు వేశాడు. టీ వచ్చేలోపల నాలుగు మిషన్లకూ పని ఎక్కించేశాడు.

గురువారమంతా మిషన్లు తిరిగాయి. సాయంత్రం ఉషారాణి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. "అన్నా, ఒకసారి చూడొచ్చా?"

"రేపు ఆడే చూద్దువులే. అందరితో పాటు" అన్నాడు.

"అట్టనే అన్నా" అంది, కొంచెం ఆగి వెళ్లిపోయింది.

*

శుక్రవారం ఆనందకుమారి గారి కారులో ముగ్గురూ బయల్దేరారు. తోటపల్లి గూడూరు దాటాక వరిపొలాలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. గుంటలు కూడా దాటాక సరుగుడు చెట్లు, వాటి వెనక సముద్రం హోరు. దారి పొడుగునా ఉషారాణి కిటికీలోంచి తల బయటపెట్టి, ఇది ఫలానా హేచరీ, ఇక్కడ నీళ్లు బాగుంటాయి అని చెబుతూనే ఉంది. హెబ్రోను వెనక సీటులో ల్యాపుటాపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల మొహం ఎట్లా మారుతుందో చూడాలని ఉంది అతనికి. తన తుడుపు ముందు ఆ పిల్ల పని వెలవెలబోతే, ఏం లేదు, ఒక్క క్షణం మారితే చాలు.

గేటు దగ్గర ఊదారంగు మందునీళ్లలో కాళ్లు ముంచి లోపలికి నడిచారు. పెద్ద పెద్ద తొట్లలో గాలి బుడగలు గుడగుడమంటున్నాయి. చెంచయ్య గారికి అరవై దాటుంటాయి. యజమానే గాని పంచె మోకాళ్ల దాకా మడిచి, చేతులు మోచేతుల దాకా తడిపి, సీడు తనే చూసుకుంటున్నాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు.

"ఈ అమ్మాయి రెండేళ్లు హేచరీ ల్యాబులో చేసిందండీ" అని ఆనందకుమారి గారు పరిచయం చేశారు.

"అట్టనా! అయితే మనమ్మాయే" అన్నాడాయన.

గోడ మీది టీవీకి హెబ్రోను ల్యాపుటాపు తగిలించాడు. నల్ల పలక వచ్చింది. గాజు, నీరు: హెబ్రోను, ఉషారాణి. ఆనందకుమారి గారు అతని వైపు ఒకసారి తిరిగి చూశారు. ఉషారాణి పలకను పట్టించుకోలేదు. గ్లాసు పైకి లేచింది. చూపు గాజు దాటింది, నీళ్లు దాటింది, ఒక రొయ్యపిల్ల తెర నిండా తేలింది. అద్దంలా మెరిసిపోతోంది.

హెబ్రోను టీవీని చూడలేదు, ఉషారాణిని చూశాడు. మొహం మారింది. కానీ అతను ఎదురుచూసిన మార్పు కాదు. ఆ పిల్ల కుర్చీ అంచుకు జరిగి, తెరలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతోంది.

"ఆపయ్యా ఆడ" అన్నాడు చెంచయ్య. లేచి టీవీ దగ్గరికి పోయి రొయ్యపిల్ల వీపు మీద వేలు పెట్టాడు. "ఇవి ఎన్ని దినాల నుంచి తినలా?"

ఆయన వేలు తల నుంచి తోక దాకా జరిగింది.

"పేగు ఏది? తిన్న పిల్లకు తలకాడ నుంచి తోక దాకా నల్లగా దారం ఉంటాది. సీడు కొనే రైతు వచ్చి ముందు చూసేది అదే. దీంట్లో లేనే లేదు. నా స్టాలు ముందర ఇంత పెద్ద టీవీలో పస్తున్న పిల్లల్ని పెడితే, రోగం సీడు అమ్ముతాడని నా మొహానే ఉమ్మేస్తారు." ఆయన ఉషారాణి వైపు తిరిగాడు. "ఏమ్మే, నువ్వు సీడు చూసిన పిల్లవే గదా? వాళ్లకు తెలవదంటే సరే. నీకు తెలవదా? రెండేళ్లు ఏం చేసినావు ల్యాబులో?"

ఉషారాణి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి హెబ్రోను వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, అడగడం ఉంది. అతను టీవీ తీగ సరిచేస్తున్నట్టు వంగాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"సరిచేసి తెస్తాం సార్" అంది.

ఆనందకుమారి గారి మొహం వాడిపోయింది. "ఈ పిల్లకు తెలుసు కదా అని వదిలేశానండీ. నాదే పొరపాటు. మొదట్నుంచీ ఈ షాటు హెబ్రోనుకే ఉంచాల్సింది."

ఆ మాట హెబ్రోను చెవిన పడింది. సోమవారం నుంచి ఏ మాట కోసం అన్నం సయించలేదో అదే మాట. ఎవరూ అడగకుండా, నలుగురి ముందు, దానంతటదే వచ్చి చేతిలో పడింది. సంతోషం కూడా వేసింది. అబద్ధమెందుకు, ఒక గుక్కెడు నీళ్లు తాగినంత సేపు నిజంగానే సంతోషం వేసింది. తర్వాత తల దించుకున్న పిల్ల పాపిడి కనిపించింది. టీవీ తీగ చేతిలో ఉంది, ఎంత సరిచేసినా అది సరిగ్గానే ఉంది.

చెంచయ్య బయటికి పోయి తొట్టిలోంచి ఒక గ్లాసు ముంచి తెచ్చాడు. రెండో చేతిలో నీళ్ల బేసిను ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, గ్లాసును హెబ్రోను చేతికిచ్చాడు. "నువ్వు చూడబ్బయ్యా. పేగంటే ఏందో చూసుకుని పో. నువ్వే గదా మళ్లా చేసేది."

పాత గాజు గ్లాసు. కిటికీ వెలుగుకు ఎత్తాడు. ఒళ్లంతా గీతలు. లోపల ఏవో కదులుతున్నాయి గాని మబ్బు తప్ప ఏమీ తెలియడంలేదు. ఎన్నో గ్లాసులు కట్టిన మనిషి, అసలు గ్లాసు చేతికొస్తే గుడ్డివాడిలా తిప్పి తిప్పి చూశాడు. అతను కట్టిన రొయ్యపిల్లలన్నీ ఫోటోలు చూసి కట్టినవే.

ఉషారాణి లేచి వచ్చింది. బేసినులో చెయ్యి ముంచి, అతను పట్టుకున్న గ్లాసు మీద చుట్టూతా ఒకసారి రుద్దింది. అతని వైపు చూడలేదు. ఆ పని ఆ చేతికి అలవాటు, అంతే.

గీతలు పోయాయి. లోపల పాతికో ముప్పయ్యో పిల్లలు, కనురెప్ప వెంట్రుకంత సన్నవి, ఎదురు ఈదుతూ ఉన్నాయి. ఒళ్లు ఉందో లేదో తెలియనంత తేట. ఆ తేటలో ప్రతిదాని వీపు వెంబడీ ఒక నల్లటి పోగు. బిగువుగా, మధ్యమధ్య కొంచెం తెగుతూ, బతికున్నట్టు కదులుతూ ఉంది. బుధవారం అతను మురికి రవ్వ అనుకున్నదాన్లో సగం ఇదే. శనివారం ఆ పిల్ల దీన్ని గీసి, కాపాడటానికి రవ్వతో సహా ఉంచుకుంది.

హెబ్రోను గ్లాసు దించాడు.

"తుడిచింది నేను సార్" అన్నాడు. "మేడం, ఈ పిల్ల పేగు ఉంచే ఇచ్చింది. ఆఖర్న నేను రవ్వ అనుకున్నా. తెలీక తుడిచేసినా."

తెలీక. ఆ మాట అతను వెతుక్కోలేదు, అదే వచ్చి నాలుక మీద కూర్చుంది.

గది తేలికపడింది. "ఓరి నీ పాసుగాల! శుభ్రం జాస్తయిందన్న మాట" అని చెంచయ్య నవ్వి అతని భుజం తట్టాడు. "తెలీక చేస్తే తప్పేముందబ్బయ్యా. ఒప్పుకున్నావు చూడు, అది మొగోడి లక్షణం." ఆనందకుమారి గారు ఊపిరి పీల్చుకుని, ఉషారాణి చెయ్యి పట్టుకుని నొక్కారు. హెబ్రోను వైపు తిరిగి, "పోనీలే, నీకెట్లా తెలుస్తుంది" అన్నారు. టీలు వచ్చాయి. అందరూ తనను కాస్త పెద్దమనిషిని చూసినట్టే చూస్తున్నారు. టీ తియ్యగా ఉంది, చక్కెర ఎక్కువే వేశారు. ఉషారాణి తన టీ తాగలేదు. బేసిను తీసుకుని బయటికి నడిచింది.

*

హెబ్రోను గ్లాసు పట్టుకుని వెనకే పోయాడు. తొట్ల చివర కొళాయి దగ్గర ఆ పిల్ల బేసిను కడుగుతోంది. అతను గ్లాసులోని పిల్లల్ని జాగ్రత్తగా తొట్టిలో వదిలి, ఖాళీ గ్లాసును గట్టు మీద పెట్టాడు. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. ఏదో ఒకటి మాట్లాడాలి. థాంక్స్ చెప్పాలా, సారీ చెప్పాలా తేలలేదు.

ముందు ఆ పిల్లే మాట్లాడింది, కొళాయి కట్టకుండానే.

"అన్నా, ఫైల్లో చీటీ పెట్టినా."

అతను గ్లాసును గట్టు మీద ఇంకొంచెం లోపలికి జరిపాడు.

"పసుప్పచ్చది. తెరవగానే వస్తాది." కొంచెం ఆగి, "ఒక్కోసారి పాత వెర్షను తెరిస్తే రాదు. మీరు పాతది తెరిచుంటారు" అంది. "అదే అయ్యుంటాది. లేకుంటే అడిగేవాళ్లే గదా."

అడగడం కాదు అది. అతని కోసం తలుపు తీసి పట్టుకుని నిలబడటం. అవును, పాతదే తెరిచినా అంటే చాలు. ఆ పిల్ల నమ్ముతుంది, నమ్మాలనే ఉంది ఆ పిల్లకు. లోపల ఉన్నవాళ్లు నమ్మేశారు. ఇంకెప్పుడూ ఎవరూ అడగరు. కారులో నవ్వుకుంటూ పోవచ్చు, దారిలో ఆపి చెరుకురసం కూడా తాగించవచ్చు.

గట్టు మీద గ్లాసు గాలికి ఆరుతోంది. గీతలు ఒకటొకటే పైకి తేలుతున్నాయి.

"కొత్తదే తెరిచినా" అన్నాడు హెబ్రోను. "చీటీ చూసినా. చదివినా."

ఉషారాణి కొళాయి కట్టేసింది.

"చదివి కూడా..."

"అడగబుద్ధి కాలా. సోమవారం అందరూ నీకు చప్పట్లు కొట్టినారే, అప్పటి నుంచి కడుపులో ఇదిగా ఉండాది. నిన్ను అడిగితే నేనేదో తక్కువైపోతానని..." మిగతాది చెప్పలేకపోయాడు. "మేడంకు కూడా చెబుతా. కారులో చెబుతా."

ఆ పిల్ల బేసిను బోర్లించి నీళ్లు వంపింది. తిడుతుందేమో అనుకున్నాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు. తిట్టలేదు. చేతులు చున్నీకి తుడుచుకుంది.

"పేగు ఎంత నల్లగా ఉండాల ఉషా?" అన్నాడు అతను. బుధవారం అడగాల్సింది అప్పటికి నోటికొచ్చింది.

"మరీ నల్లగా వద్దు. ముదురు గోధుమరంగు. మధ్యలో ఒకటి రెండు చోట్ల తెగినట్టుండాల, అప్పుడే కదలాడతా ఉన్నట్టు కనపడతాది. తుడుపు సగం కంటే పైకి పోకూడదు. గాజుకు నీళ్లకు మాత్రం ఇప్పుడున్న నూరూ ఉంచండి, అవి బాగుండాయి." అంతా వివరంగా చెప్పింది, ఏదీ దాచుకోలేదు. ఆమె గొంతులో కోపం కూడా లేదు. బేసిను చంకలో పెట్టుకుని, ఆరిపోయిన గ్లాసును తీసుకుంది.

"సోమవారం మొదలు పెడదాం హెబ్రోను గారూ" అని చెప్పి లోపలికి నడిచింది.